గుండ్లకమ్మ యొడ్డున మన పెద్దలు: నిత్యజీవనమున క్రైస్తవధర్మము



మన సంఘ వార్షిక మహాసభా సందర్భమున వెలువడు నీ సంచికకు చరిత్రవిషయకమైన వ్యాస మొకటి వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు మమ్ము గోరిరి. అరుంధతీయుల పూర్వచరిత్ర యనగానే మనవారు సాధారణముగా జాంబవంతునితోడను, వసిష్ఠపత్నియగు నరుంధతితోడను ఆరంభింతురు. అది పూజ్యమైన సంప్రదాయమే. సంస్కృతమును కొంత చదువుకొన్నవార మగుటచే మాకును ఆ కథలయందు ప్రీతి గలదు. కాని చరిత్రకు కాలము, స్థలము, పేరు అను మూడు సాక్ష్యములు వలయును. ఈ మూడును దొరకు విషయ మొకటి మనకు మిక్కిలి చేరువలోనే యున్నది. నూటయేబది యేండ్ల క్రిందట ఒంగోలు ప్రాంతపు మాదిగపాలెములలో జరిగిన మహాపరివర్తనమే యది.

ఈ విషయమును మేము విచారించుటకు కారణ మొక్కటి చెప్పవలసియున్నది. మేము ఉపాధ్యాయవృత్తిలో నున్న కాలమున ఒకనాడు తరగతిలో నొక బాలుడు మఱియొక బాలుని జూచి, “మీ తాతలు గంజికొఱకు మతము పుచ్చుకొన్నవారు” అని యాక్షేపించెను. ఆ బాలుడు తలవంచుకొనెనేకాని బదులు చెప్పలేదు. మేము ఆక్షేపించినవానిని మందలించితిమి. కాని యా మాటకు సమాధానము మాకును దెలియదు. మా కుటుంబముననే యొక శాఖవారు మాతమ్మను గొలుచువారు, మఱియొక శాఖవారు ఆదివారమున దేవాలయమునకు బోవువారు. అయినను ఆ చీలిక యెట్లేర్పడెనో మేమెన్నడును అడిగి యెఱుగము. ఆనాటి లజ్జయే మాచేత ఈ చరిత్రను చదివించినది.

పేరయ్య

1836 వ సంవత్సరమున శామ్యూల్ డే యను నమెరికా బాప్తిస్టు బోధకుడు తెలుగువారి నడుమ పని చేయుటకై వచ్చి, 1840 లో నెల్లూరున నెలకొనెను. అది మొదలు పాతికయేండ్లవఱకు ఆ మిషనునకు ఫల మత్యల్పము. దానిని మూసివేయుదమా యని యమెరికాలోని పెద్దలు పలుమాఱు తర్కించిరి. పటములో ఆ మిషను స్థానమునకు ఒక్క చుక్కయే యుండుటచే దానికి ‘ఒంటి నక్షత్రము’ అని పేరు గలిగెను. 1854 జనవరి 1 వ తేదీన లైమన్ జ్యూయెట్ దొర, ఆయన భార్య, మఱి ముగ్గురు తెలుగువారు ఒంగోలు కొండనెక్కి ప్రాతఃకాలమున ప్రార్థన చేసిరి. ఆ కొండ నేటికిని ప్రార్థనకొండ యని ప్రసిద్ధము. ఆ పిదప పండ్రెండేండ్లకు జాన్ ఎవరెట్ క్లఫ్ దొర ఒంగోలు చేరెను. ఈయన బోధకుడు గాకమునుపు భూములు కొలుచు సర్వేపని నేర్చినవాడు. ఆ విద్య పిమ్మట ఎట్లక్కఱకు వచ్చెనో ముందు దెలియగలదు.

కాని యీ చరిత్రకు మూలపురుషుడు దొర కాడు. కనిగిరి ప్రాంతమున తాళ్లకొండపాడు గ్రామవాసి, మన కులమువాడు, యెఱ్ఱగుంట్ల పేరయ్య. ఆయన తోళ్లవర్తకుడు. దేవుని వెదకు తహతహ గలవాడై, మన కులముననే జనించి రాజయోగమును బోధించిన బండికట్ల వీరమ్మయను గురువునొద్ద యోగాభ్యాసము చేసినట్లు క్లఫ్ దొరగారి రెండవభార్య యెమ్మా రౌషన్‌బుష్ క్లఫ్ 1899 లో ప్రకటించిన గ్రంథమున వ్రాసియున్నది. పోతులూరి వీరబ్రహ్మముగారి బోధనలును ఆ ప్రాంతపు మన పాలెములలో వ్యాపించియుండెను. కావున మన పెద్దలు ఏమియు నెఱుగని యంధకారమునుండి క్రొత్త మతమునకు వచ్చిరనుట సరిగాదు. వా రంతకుమునుపే అన్వేషకులు. పేరయ్య వ్యాపారార్థమై ఏలూరు ప్రాంతమునకు బోయినపుడు అచ్చటి బోధకులవలన క్రీస్తువార్తను వినెను. తాను వెదకుచున్నది యిదియే యని నిశ్చయించుకొనెను. 1866 లో భార్య నాగమ్మతో గూడ ఒంగోలున బాప్తిస్మము పొంది స్వగ్రామమునకు మఱలెను.

1867 జనవరి 1 వ తేదీన ఒంగోలు సంఘ మేర్పడినపుడు సభ్యు లెనమండ్రు మాత్రమే. ఆ నెలలోనే పేరయ్య పిలుపున క్లఫ్ దొర తాళ్లకొండపాడునకు బోవగా, చుట్టుప్రక్కల పాలెములనుండి మనవారు కొన్నినాళ్లకు సరిపడు తిండియు బట్టలును మూటగట్టుకొని వచ్చి చెట్లక్రింద విడిసియుండిరి. దినములకొలది వినిరి, ప్రశ్నించిరి, పిమ్మట ఇరువదియెనమండ్రు బాప్తిస్మము పొందిరి. తమ తిండి తాము తెచ్చుకొని వచ్చినవారిని గంజికొఱకు వచ్చినవారనుట యెట్లు?

అప్పటికే ఒంగోలు పట్టణమున కొందఱు పై కులములవారు క్లఫ్ దొర బోధయందు శ్రద్ధ చూపుచుండిరి. తక్కువ కులములవారిని చేర్చుకొన్నచో తాము రాజాలమని వారు స్పష్టముగా దెలిపిరి. దొరకు ఆలోచన గలిగెను. ఆయనయు భార్యయు వేఱువేఱు గదులలో బైబిలును తెఱవగా, ఇరువురకును కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని యొక్క భాగమే, లోకము నీచులని యెంచినవారిని దేవు డేర్పఱచుకొనెనను భాగమే, కంటబడెనని యాయన చెప్పియున్నాడు. ఆ దినమున మనవారికి తలుపు మూయబడలేదు. పై కులములవారు వెనుకకు మఱలిరి.

మూడు నియమములు

ఆ చేరినవారిని దొర కోరిన దేమి? శాస్త్రచర్చలు గావు, దీర్ఘములైన విశ్వాససూత్రములను వల్లించుటయు గాదు. ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసమును దినరాదు, విగ్రహముల గొలువరాదు. ఈ మూడే ముఖ్యములు. వినుటకు తేలికగానున్న ఈ మూడును నాటి గ్రామజీవనమున నెంత లోతునకు దిగినవో విచారింతము. సంస్కృతమున ఆచారశబ్దము ‘చర’ ధాతువునుండి పుట్టినది; దానికి నడచుట యని యర్థము. విశ్వాసము నడకలోనికి దిగినపుడే ఆచారమగును. మనవారికి క్రైస్తవము పుస్తకముగా గాక నడకగా వచ్చినది. ఏలయన వారిలో చదువనేర్చినవారు మిక్కిలి యరుదు.

మొదటిది ఆదివారము. మాదిగవాడు గ్రామమునకు సేవకుడు. రైతునకు చెప్పులు, మోటకు తోలుబొక్కెన, ఎద్దులకు వారులు సమకూర్చుట ఆతని విధి. బదులుగా కోతలనాడు కళ్లమున కొంత ధాన్యము లభించును. ఇదిగాక ఎప్పుడు కబురు వచ్చిన నప్పుడు పోవలసిన వెట్టి. ఇట్టివానికి చేతులు తనవైనను కాలము తనదికాదు. అట్టివాడు ఏడుదినములలో నొక దినము నాది, నా దేవునిది యని పలుకుట సామాన్యమా? కోతలకాలమున ఆదివారము పనికి రామన్నపుడు రైతునకు గలిగిన యాశ్చర్యము కోపముగా మాఱుటకు ఎంతోసేపు పట్టలేదు. కొందఱు మనవారు సోమవారమున రెట్టింపు పనిచేసి యా లోటు దీర్తుమని వేడుకొనిరట. ఈ వేడుకోలు మా కుటుంబమున వృద్ధులు చెప్పగా వింటిమి.

రెండవది చచ్చిన పశువు. ఊరిలో పశువు చచ్చిన దాని తోలు మాదిగవానిది, మాంసమును ఆతనిదే. అది హక్కనియు ననిరి, అదియే యంటునకు కారణమనియు ననిరి. ఆకలిగొన్న యింట ఆ మాంసము పండుగ. దానిని మాని గంజితో దినము గడపుట యనగా వంటయింటనే విశ్వాసమును పరీక్షించుట. ఇచ్చట నొక సంగతి గమనింపదగినది. తోలుపనిని విడువుడని వారి నెవ్వరును కోరలేదు. లంద యట్లే యుండెను. తంగేడుచెక్క యట్లే నానుచుండెను. ఆరెయు రంపెయు ఇంటనే యుండెను. విడిచినది వృత్తిని గాదు, తమకు అవమానముగా నున్న తిండిని. మా తాతగారి యింట గూటిలో ఆరెయు రంపెయు నొక ప్రక్కను, నూనెమరకల బైబిలు మఱియొక ప్రక్కను ఉండుటను బాల్యమున మేము చూచియున్నాము. ఆ రెంటికిని పొరపొచ్చెము లున్నట్లు మా కెన్నడును తోచలేదు.

మూడవది విగ్రహారాధన. జాతరలలో డప్పు కొట్టుట మనవారి విధి. దేవతను కొలుచుట మానినవారు ఆ జాతరకు డప్పు కొట్టుటయు మానిరి. ఊరిపెద్దల కిది గొప్ప యపరాధముగా దోచెను. అమ్మవారు ఆగ్రహించి ఊరిని నాశము చేయునని వారి భయము. ఆ భయమును మేము పరిహసింపము. నేడు డప్పు సభావేదికల నెక్కి మన కళగా గౌరవము పొందుచున్నది. అది సంతోషింపదగిన విషయమే. కాని ఇష్టముతో కొట్టు డప్పు వేఱు, కాదనుటకు వీలులేక కొట్టు డప్పు వేఱు. మన పెద్దలు తమ మనస్సు ఒల్లని పనిని కాదనుటకు మొదటిసారి నోరు దెఱచినది ఇచ్చటనే.

ఈ కాదనుటకు వెల చెల్లింపవలసివచ్చినది. కళ్లమున రావలసిన ధాన్యమును కొన్నియెడల నాపివేసిరి. నీటికి, పొలపుదారికి అడ్డు పెట్టిరి. తప్పుడు కేసులును బెట్టిరి. క్లఫ్ దొర అధికారులతో మాటలాడి కొన్నింటిని చక్కజేసెను. కాని రాత్రివేళ పాలెమున భయముతో మేల్కొని యున్నది మనవారే.

ధాత కరవు

ఇక గంజిమాటకు వత్తము. 1876 వ సంవత్సరమున వానలు తప్పినవి. అది ధాతనామ సంవత్సరము. ధాత యనగా పోషించువాడను నర్థముకూడ గలదు. పేరునకు విపరీతముగా ఆ యేట మొదలైన కరవు చెన్నపురి రాజధానియందంతట 1878 వఱకు సాగి లక్షలకొలది ప్రాణములను బలిగొన్నది. ముసలివారు దానిని ధాత కరవని చెప్పుకొనుచుండిరి.

దొరతనమువారు కరవుపనిగా బకింగుహాము కాలువను త్రవ్వించుచుండిరి. క్లఫ్ దొర తన సర్వేవిద్యతో మూడున్నర మైళ్ల భాగమును గుత్తకు దీసికొని, ఇంచుమించు మూడువేలమందికి కూలి చూపెను. తెలుగు బోధకులను మేస్త్రీలుగా నియమించి, ఒక్కొక్కరికి దాదాపు నూఱుమందిని అప్పగించెను. త్రవ్విన గోతిని కొలిచి కూలి యిచ్చుట అచ్చటి పద్ధతి. ఇతర పనిచోట్ల మేస్త్రీల తిట్లును దెబ్బలును కూలిలో కోతలును సామాన్యమైన కాలమున, కొలతలో మోసము లేని పనిచోటు దొరకుట ఆ కూలివారికి అపూర్వము. విశ్రాంతివేళ ఆ మేస్త్రీలే కూలివారినడుమ కూర్చుండి క్రీస్తుకథలు చెప్పుచుండిరి. మధ్యాహ్నము బోధించినవాడు సాయంకాలము గోతిని తక్కువ కొలిచినచో ఆ బోధ యెవరికి బట్టును? కావున అచ్చట కొలకఱ్ఱయే బోధలో సగమని మా యభిప్రాయము.

ఇప్పుడు ముఖ్యవిషయము. ఆ కాలమున బాప్తిస్మము కోరి వచ్చినవారు వేలకొలది. కాని సహాయమును ఆశించి వచ్చినవారెవరో, మనఃపూర్వకముగా వచ్చినవారెవరో తెలియదను సందేహముచేత క్లఫ్ దొర ఇంచుమించు పదునైదు నెలలు ఎవ్వరికిని బాప్తిస్మ మీయలేదు. కూలి యున్నంతకాలము తలుపు మూసియుంచెను. మనవారు గంజికొఱకు మతము మార్చిరనువారు ఈ యొక్క సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను. గంజి దొరకిన నెలలలో మతమీయబడలేదు. మతమీయబడిన నెలలలో గంజి ముగిసినది.

1878 నడుమ కరవు తగ్గుముఖము పట్టెను. పంచాంగమున నది బహుధాన్య సంవత్సరము. కరవు సహాయధనము ముగిసినదని, ఇక సాయము లేదని దొర తెలియజేసెను. ఒంగోలునకు ఉత్తరముగా గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద ఆయన జూన్‌లో విడిసినపుడు జనసమూహములు వచ్చి చేరినవి. సాయము లేదని మఱల చెప్పెను. వారు పోలేదు. తమకు డబ్బక్కఱలేదనియు, తమ చేతికాయలే తాము కష్టపడువారమనుటకు సాక్ష్యమనియు, వచ్చెడి పంట తప్పినయెడల చత్తుమేకాని క్రైస్తవులమై చావగోరుదుమనియు వారు పలికినట్లు ఆయనయే వ్రాసెను. దొర ఇక కాదనలేకపోయెను. పాలెముల నెఱిగిన బోధకులు ఒక్కొక్కరిని విచారించిరి.

జూలై 2 వ తేదీన 614 మంది, 3 వ తేదీన 2,222 మంది, 4 వ తేదీన 700 మంది బాప్తిస్మము పొందిరి. మూడుదినములలో 3,536 మంది. ఆ జూలై 3 వ తేదీన ఏటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు ఆఱుగురు తెలుగు బోధకులు. ఇరువురిరువురుగా దిగి, అలసినపుడు మఱి యిరువురికి చోటిచ్చుచు దినమంతయు బనిచేసిరి. దొర నీటిలోనికి దిగలేదు. ఆ సంవత్సరాంతమునకు క్రొత్తగా చేరినవారు తొమ్మిదివేలు దాటిరి. పదునొకండేండ్ల క్రిందట ఎనమండ్రున్న ఒంగోలు సంఘమున సభ్యులు పండ్రెండువేలకు మించిరి.

దీపము క్రింది చీకటి

ఇంతమాత్రమున అంతయు బంగారమని చెప్పుట చరిత్రకారుని ధర్మము గాదు. ఒక్కయేట వేలమంది చేరినపుడు వారికి బోధించువా రెక్కడ? 1872 లో రామపట్నమున నేర్పడిన బోధకుల పాఠశాలనుండి వెలువడినవారు పాలెమున కొకరైనను చాలలేదు. పేరు మాఱినను త్రాగుడును, అప్పులును అనేక గృహములను విడువలేదు. అన్నింటికంటె విచారకరమైనది కులము. క్రీస్తునందు భేదము లేదని పాడిన నోళ్లే మాలమాదిగల పొత్తు కుదరదని పలికినవి. మాలలు హెచ్చుగా చేరిన సంఘములలో మనవారికి వెనుకబల్లయు, మనవారు హెచ్చుగానున్నచోట వారికి వెనుకబల్లయు అయినది. ఈ దోష మిరుపక్షములది. మూడు నియమములను ప్రాణములకు తెగించి పాటించినవారు ఈ నాలుగవదానిని పాటింపలేకపోయిరి.

విశ్వాసమును దినచర్యలోనికి దెచ్చు ప్రయత్నము అచ్చటితో ఆగలేదనుటకు మఱియొక నిదర్శనము గలదు. ఒంగోలునకు చాల యుత్తరమున, నాటి నిజాము రాజ్యములోని దోర్నకల్లున, వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు 1912 మొదలు 1945 లో కాలధర్మము నొందువఱకు బిషప్పుగా నుండిరి. ఆయన తమిళుడు, ఆంగ్లికను సంఘమున బిషప్పైన మొదటి భారతీయుడు. మాలమాదిగల పల్లెలలో తిరిగి, మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగింటిని దయ్యములుగా నెంచి వానిపై బోరాడుడని బోధించెను. ఆయన కాలమున ఆ ప్రాంతపు స్త్రీలు వంటకు బియ్యము కొలుచునపుడు పిడికెడు దేవునికని వేఱుగ దీసియుంచుచుండిరి. ఆ పిడికిళ్లు చేరియే బోధకుల పోషణ కొంత జరిగెను. ఈ యాచారము బాప్తిస్టు పాలెములలోను గలదు. మా నాయనమ్మగారు పొయ్యి ముట్టింపకమునుపే యొక పిడికెడు చిన్నముంతలో వేయుచుండెను. బియ్యము లేక జొన్నలు వండిన దినమున జొన్నలే వేయుచుండెను. ఒకనాడు ఇంట పిడికెడు తక్కువైన దినమున మేము, “ఈ పూటకు మానరాదా?” యని యడుగగా, “మనకు తక్కువైతే ఆయనకూ తక్కువే వేస్తా నాయనా, అసలు మానను” అనెను. మేము పిమ్మట చదివిన ధర్మశాస్త్రములలో దానమును గూర్చిన ప్రకరణములు పెక్కు గలవు. కాని ఆ ముంతయంత స్పష్టముగా మాకు దానధర్మమును బోధించిన ప్రకరణము వేఱొకటి లేదు.

నేటి కర్తవ్యము

ఇప్పుడీ చరిత్రవలన మనకేమి? మన సంఘమున ఇరుమతములవారును గలరు. 1950 వ సంవత్సరపు రాష్ట్రపతి యుత్తరువు ననుసరించి షెడ్యూల్డు కులములవారికి గల రక్షణలు హిందువులకును, 1956 నుండి సిక్కులకును, 1990 నుండి బౌద్ధులకును వర్తించునుగాని క్రైస్తవులకు వర్తింపవు. తెలుగురాష్ట్రములు రెంటను షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గమున జేర్చినారు. అందుచే అన్నదమ్ములలో నొకడు ఒక పట్టికలోను, మఱియొకడు వేఱొక పట్టికలోను ఉండుట తటస్థించినది. కొందఱు ఇంట నొకపేరు, కాగితమున నొకపేరు పెట్టుకొనవలసివచ్చినది. అంటరానితనము అడుగునపుడు మత మడుగలేదు. రక్షణ యడుగునపుడు మాత్రము మత మడుగబడుచున్నది. దీని న్యాయాన్యాయములను పెద్దలు శాసనసభలలోను న్యాయస్థానములలోను తేల్చుకొందురుగాక. కాగితము చేసిన గోడను మన యిండ్లలో మనమే యెత్తు పెంచుకొనరాదని మాత్రము మా మనవి.

క్రైస్తవ సోదరులారా, మీ పెద్దలు గంజికొఱకు పోయినవారు గారు. ఎవరైన నట్లనినచో తలవంచుకొనక 1878 నాటి యా పదునైదు నెలల సంగతిని జెప్పుడు. కాని వారి పేరు చెప్పుకొని గర్వించుటకు ముందు, వారు వంటయింటను, పొలమునను, కొలకఱ్ఱయొద్దను చూపిన నిజాయితీ మన యిండ్లలో నెంత మిగిలినదో చూచుకొనుడు. ఇతర సోదరులారా, ఆ యేటిలో దిగినవారు మీకు పరాయివారు గారు. వెట్టిని మొదట కాదన్నవారిలో వారును గలరు. ఆ కాదనుటవలని మేలు మన కందఱకును గలిగినది.

సంఘపోషకులకు మా విన్నప మొక్కటే. పాలెములలో తొంబదియేండ్ల వృద్ధులు ఇంకను కొందఱున్నారు. వారి తాతలు చెప్పిన కాలువపని మాటలు, కరవు మాటలు వారి నోట నున్నవి. మన యువకులు పుస్తకము చేతబట్టి వారియొద్దకు బోయి వ్రాసికొనునట్లు ఏర్పాటు చేయుదురుగాక. ఆనాడు తరగతిలో తలవంచుకొనిన బాలునకు మేమీయలేకపోయిన సమాధానమును ఇన్నేండ్లకు ఈ కాగితముపై వ్రాయగలిగితిమి. మఱియొక బాలు డట్లు తలవంచుకొనకుండునట్లు చేయుట మీ చేతిలో నున్నది.

సర్వే జనులకును శుభమగుగాక!